ఒకే పేరుతో చలామణి అవుతున్న 3050 గారికి

కంప్యూటరు ఆటల బొమ్మలను తెర మీద గీసే, ఎన్విడియా కంపెనీవారి గ్రాఫిక్స్ కార్డు మహారాజశ్రీ ఆర్‌టీఎక్స్ 3050 గారి సముఖమునకు,

నెల్లూరు నుంచి ఒక లెక్కల మాస్టారు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను. "మీరందరూ" అన్నందుకు నొచ్చుకోకండి. మొన్న శనివారం సాయంత్రం దాకా తమరు ఒక్కరే అనుకొని, పెద్ద పేరు గనుక మర్యాదకు "మీరు" అంటూ వచ్చాను. అది గౌరవ బహువచనం కాదనీ, వ్యాకరణం ఒప్పుకొనే అసలు సిసలు బహువచనమేననీ, ల్యాప్‌టాప్‌ల సంగతి వదిలేసినా, బల్లమీద పెట్టుకొనే కంప్యూటర్లలోకే ఆ ఒక్క పేరుతో తమరు కనీసం ముగ్గురు వచ్చారనీ అదే రోజు రాత్రి పదిన్నరకు తెలిసింది.

తమరిని ఎంచుకోవడం గాలివాటున జరిగిన పని కాదని ముందుగా మనవి చేసుకుంటున్నాను. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకుంటే ఆటలాడుకొనే కంప్యూటరు కొనిస్తానని మా అమ్మాయికి మాట ఇచ్చాను. మా ఆవిడ అంతకు ముందే స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగకు పోయి, చదువు కోరికకని విద్యా రొట్టె పట్టుకొని వచ్చింది. మార్కులు వచ్చాయి. ఆ చెరువు దగ్గర ధన రొట్టె, స్వగృహ రొట్టె, వివాహ రొట్టె దొరుకుతాయి గానీ గ్రాఫిక్స్ కార్డు రొట్టె ఇంకా రాలేదు కాబట్టి ఆ భాగం నా జీతం మీద పడింది. ఏదో ఆఫీసులో పదేళ్లు చాకిరీ చేసి పదవీ విరమణ పొందిన 2014 నాటి కంప్యూటరును తక్కువలో తెచ్చి, కార్డు కోసం 18,000 రూపాయలు పక్కన పెట్టి, వేసవి సెలవులంతా తండ్రీకూతుళ్లం కూర్చొని వరసగా బజారులోని కార్డులందరి జాతకాలూ చూశాం.

ఆర్‌ఎక్స్ 6600 గారు గుణవంతులే గానీ మా సంచికి అందలేదు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ గారు బోర్డుతో నాలుగే లేన్లలో, అంటే సమాచారం పోయే నాలుగే దారుల్లో, మాట్లాడతారట. మా ఇంట్లో ఉన్నటువంటి, కార్డు గుచ్చే పీసీఐఈ మూడో తరం పాత స్లాటులో ఆ నాలుగు దారులూ ఇరుకై, ఉన్న 4 జీబీ మెమరీ నిండగానే ఆట తడబడుతుందని తెలిసి దూరం నుంచే దండం పెట్టాం. 2024 డిసెంబరులో 249 డాలర్ల వెలతో, 12 జీబీ మెమరీతో వచ్చిన ఆర్క్ బీ580 గారిని చూసి మనసు పారేసుకున్నాం గానీ, కార్డు మెమరీనంతా ప్రాసెసరు ఒకేసారి అందుకొనే రీసైజబుల్ బార్ అనే సదుపాయం లేని పాత బోర్డులో ఆయన ఆట సాగదని తేలింది. సెకండ్ హ్యాండు ఆర్‌ఎక్స్ 580 ఒకటి చూడబోతే, "పిల్లలు కార్టూన్లు చూశారంతే" అని అమ్మేవాడు ఒట్టు వేశాడు. ఆ ఫ్యాను మాత్రం 2022 సెప్టెంబరు 15న గ్రాఫిక్స్ కార్డులతో ఇథీరియం అనే డిజిటల్ నాణేలు సంపాదించే మైనింగు మూతపడేదాకా రాత్రింబవళ్లు తిరిగి, గొంతు బొంగురుపోయినట్టు వినబడింది. పైగా 580 అనే పేరు మీద 2304 ప్రాసెసర్లున్నవారూ, 2048 మాత్రమే ఉన్నవారూ ఇద్దరు చలామణిలో ఉన్నారని మా అమ్మాయి పసిగట్టింది. అంత పెద్ద పేరు మోసాన్ని తప్పించుకున్నందుకు మా తెలివికి మేమే మురిసిపోయి, తమరి పేరు ఎదుట టిక్కు పెట్టాం.

ట్రంకు రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక సందులోని దుకాణంలో మూడు వారాల కిందట 2,000 అడ్వాన్సు కట్టాను. "చెన్నై నుంచి రేపొస్తుంది సార్" అన్నారు. ఆ రేపు మూడు వారాలపాటు రేపుగానే ఉండి, శనివారం మధ్యాహ్నం ఒకటిన్నరకు "వచ్చేయండి సార్, పార్సిలు బస్టాండులో ఉంది" అనే ఫోనుగా మారింది. బస్టాండులో ఉన్నది పార్సిలు కాదనీ, ఆ పార్సిలు తెచ్చే బస్సు కోసం కాచుకొని ఉన్న కుర్రాడనీ పోయాక అర్థమైంది. ప్రింటరు ఇంకు వాసనలో, ఒక కాలు కురచైన ఎర్ర ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చొని, సంచిలో ఉన్న తొమ్మిదో తరగతి యూనిట్ పరీక్ష పేపర్లు ఒళ్లో పెట్టుకొని ముప్పై ఒకటి దిద్దాను. ముప్పై రెండో పేపరు దగ్గర, అయిదూ ముక్కాలుకు, తమరు వేంచేశారు. పెట్టె మీద తమరి పేరు నా బొటనవేలంత ఎత్తున మెరుస్తున్నది. 17,500 చెల్లించి, అందులో కలిసి ఉన్న 18 శాతం జీఎస్టీకి మనసులోనే ఒక నమస్కారం పెట్టి, మా పాత మానిటరు మూతికీ తమరి మూతికీ పొసగదంటే ఇంకో 250 పెట్టి కన్వర్టరు కొని, స్కూటరు ముందు నిలబెట్టుకొని పెళ్లికొడుకును తెచ్చినట్టు తమరిని వేదాయపాళెం తీసుకొచ్చాను.

రాత్రి పదిన్నరకు మా అమ్మాయి జీపీయూ-జెడ్ అనే, కార్డు వివరాలు చూపే చిన్న ప్రోగ్రాము తెరిచి, తెర వంక చూసి, తన నోట్సులోంచి చింపి నాకిచ్చిన కాగితం వంక చూసి, మళ్లీ తెర వంక చూసి, "నాన్నా, ఇది అది కాదు" అన్నది. కాగితంలో మెమరీ 8 జీబీ, లెక్కలు కట్టే కోర్లు 2560, మెమరీకి పోయే దారి (బస్) వెడల్పు 128 బిట్లు, ఆ దారిలో సమాచారం పోయే వేగం (బ్యాండ్‌విడ్త్) సెకనుకు 224 జీబీ అని ఉన్నది. తెర మీద మెమరీ 6144 ఎంబీ, కోర్లు 2304, బస్ వెడల్పు 96 బిట్లు, బ్యాండ్‌విడ్త్ సెకనుకు 168 జీబీ అని ఉన్నది. జేబులో ఎర్ర పెన్ను ఇంకా అలాగే ఉంటే తీసి, ఆ కాగితం మీదే లెక్క వేశాను. ఎనిమిదికి ఆరు, ముప్పావు. 128కి 96, ముప్పావు. 224కి 168, అదీ ముప్పావే. కోర్లు మాత్రం దయతలచి పదింట తొమ్మిది వంతులు ఉంచారు. భిన్నాలు ఇంత చక్కగా కొట్టివేతకు వచ్చిన లెక్కను నేను పాఠ్యపుస్తకంలో కూడా చూడలేదు.

తమరి కుటుంబ వృత్తాంతం అప్పుడు చదివాను. 2022 జనవరిలో పుట్టిన పెద్దవారు 130 వాట్లవారు. అదే ఏడాది చివర, లోపలి చిప్పు మార్చుకొని 115 వాట్లతో వచ్చినవారు నడిపివారు. ఈ ఇద్దరికీ 8 జీబీ ఉన్నది. 2024 ఫిబ్రవరిలో 6 జీబీతో, 70 వాట్లతో దిగినవారు చిన్నవారు. మా ఇంటికి వచ్చినవారు ఆ చిన్నవారు.

చిన్నవారు కావడం నేరం కాదు. పెద్దవారి పేరు తొడుక్కొని రావడం నేరం. మా బడిలో తొమ్మిదో తరగతిలోనే ముగ్గురు పెంచలయ్యలున్నారు. పెంచలకోన నరసింహస్వామి దయవల్ల మా వైపు ఏ తరగతి గదికి పోయినా ఒకరిద్దరు తగులుతారు. హాజరు వేసేటప్పుడు "పెంచలయ్యా" అని ఊరికే పిలిస్తే ముగ్గురూ లేచి నిలబడతారు కాబట్టి రిజిస్టరులో ఇంటిపేరు మొదటి అక్షరం ముందు వేసి పిలుస్తాం. బడి మొహం చూడని వాళ్ల అవ్వలు సైతం పెద్ద పెంచలయ్య, నడిపి పెంచలయ్య, చిన్న పెంచలయ్య అని వేరు చేసుకుంటారు. ఆ అవ్వలకు తట్టిన ఉపాయం, గోరంత చిప్పు మీద వందల కోట్ల ట్రాన్సిస్టర్లు పేర్చగలిగినవారికి తట్టలేదా? ఒక పెంచలయ్య మార్కులు ఇంకో పెంచలయ్యకు వేస్తే ఆ తల్లి బడికొచ్చి నన్ను నిలబెట్టి కడిగేస్తుంది. మేము వేసవంతా కళ్లు కాయలు కాచేలా చూసిన వీడియోలలో ఫలానా ఆటకు సెకనుకు ఇన్ని ఫ్రేములు (బొమ్మలు), ఫలానా ఆటకు అన్ని ఫ్రేములు అని చెప్పినవన్నీ పెద్దవారి మార్కులు. ఇంటికి వచ్చింది చిన్నవారు.

తట్టలేదనడానికీ వీల్లేదు. 2022లో తమరి వంశంలోనే 4080 అనే ఒక్క పేరుతో 16 జీబీవారిని, 12 జీబీవారిని ప్రకటిస్తే, ఇద్దరి చిప్పులూ వేరువేరు కదా అని జనం గోల చేశారు. అక్టోబరులో 12 జీబీవారి పేరు వెనక్కి తీసుకొని, 2023 జనవరిలో 4070 టీఐ అనే కొత్త పేరుతో రెండో బారసాల చేశారు. ఆ 12 జీబీవారికి మొదట చెప్పిన వెల 899 డాలర్లు. అంత పెట్టగలవారు అరిచారు కాబట్టి పేరు మారింది. ఆ బారసాల అయిన పదమూడు నెలలకు తమరు అన్నగారి పేరుతోనే బజారులోకి వచ్చారు. తమరి ముందు తరాల్లోనూ అంతే. 2017లో వచ్చిన జీటీ 1030 గారు సెకనుకు 48 జీబీ మోసేవారు. మరుసటి ఏడాది డీడీఆర్4 మెమరీతో, 16.8 మాత్రమే మోయగల ఇంకొకరికి అదే పేరు పెట్టారు. ఒకే పేరు పదిమందికి పంచి కూడబెట్టే ఈ పొదుపు ఎప్పుడూ మా బోటివాళ్ల వీధికే వస్తుందేమి?

ఆదివారం పొద్దున్నే దుకాణానికి ఫోను చేశాను. "సీలు తీసేశారు గదా సార్. అయినా మీరు 3050 అనే గదా చెప్పింది, 3050 ఏ ఇచ్చినాం" అన్నారు. అబద్ధమనడానికి లేదు. మా అమ్మాయి కాగితంలో 8 జీబీ అని స్పష్టంగా రాసింది, నేను ఫోన్లో పేరు ఒక్కటే చదివి వినిపించాను. పేరు చెబితే మనిషి వస్తాడనుకొనే కాలంవాణ్ణి.

ఇక చాలు. ఇకమీదట నిన్ను "మీరు" అనే ప్రసక్తి లేదు. మా ఇంట్లో దిగింది నువ్వొక్కడివే కాబట్టి నువ్వనే అంటాను. సిగ్గు లేదా నీకు? ఇందుకూరుపేట వైపు మా బావమరిదికి రొయ్యల గుంటలున్నాయి. కిలోకు 30 తూగితే 30 కౌంటు, 100 తూగితే 100 కౌంటు. ఏడో తరగతితో చదువు ఆపేసిన కొనుగోలుదారుడు కూడా గట్టున నిలబడి, వల వేయించి, కాటా పెట్టి, ఒక్కొక్కటీ చేత్తో లెక్కపెట్టిగాని ధర నోటివెంట రానివ్వడు. 30 కౌంటు రొయ్యతో పోలిస్తే 40 కౌంటు రొయ్య సరిగ్గా ముప్పావు బరువు ఉంటుంది. అంటే నీకూ మీ అన్నకూ ఉన్న తేడానే. నీ సంగతి చెబితే మా బావమరిది చాలాసేపు నవ్వి, "30 అని చెప్పి 40 తోలితే, బండి గట్టు దిగకముందే మమ్మల్ని నీళ్లలోకి తోసేస్తారు బావా. రొయ్య అనే పేరుకు రేటు యాడుంది? కౌంటుకే రేటు" అన్నాడు. ఉప్పునీటి గుంట గట్టున నడిచే పాటి నీతి నీ మెరిసే పెట్టెలో నడవలేదు.

ఇక్కడితో ఈ లేఖ ముగిసి ఉంటే బాగుండేది. సోమవారం సాయంత్రం దుకాణంవారే ఫోను చేసి, "4,500 ఎక్కువ కట్టండి సార్, ఎనిమిది జీబీది మార్చి ఇస్తాం" అన్నారు. నిన్ను ఊడదీసి పెట్టెలో పెట్టడానికి మా అమ్మాయి కంప్యూటరు పక్క రేకు విప్పింది. విప్పి, టార్చి వేసి, లోపలికి తల దూర్చి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నాన్నా, ఆ ఎనిమిది జీబీదానికి విడిగా పవర్ వైరు పెట్టాలంట. మన దాంట్లో యాడుందది?" అన్నది. ఎస్‌ఎంపీఎస్ అనే కరెంటు ఇచ్చే డబ్బా మీద అంటించిన కాగితంలో 240 వాట్లు అని ఉన్నది. దానిలోంచి బోర్డుకూ, డిస్కుకూ వైర్లు పోయాయి. కార్డుకంటూ ఒక్క వైరు లేదు. వేరే ఎస్‌ఎంపీఎస్ కొందామంటే ఆ ఆఫీసు కంప్యూటరు బోర్డు మీద ఉన్న ప్లగ్గు బజారులో దొరికే రకం కాదు. బోర్డు మీది స్లాటు తనంతట తాను ఇవ్వగలిగింది 75 వాట్లు. మీ పెద్దన్నకు 130 కావాలి. నీకు 70.

వేసవంతా మేము జాతకాలు చూసిన 6600, 6500 ఎక్స్‌టీ, బీ580, 580 గార్లందరూ విడిగా వైరు అడిగేవారే. అందరి గుణగణాలూ విచారించాం గానీ, మా పొయ్యి మీద ఎంత గిన్నె ఎక్కుతుందో ఒక్కసారీ చూసుకోలేదు. ప్రశ్న పూర్తిగా చదవకుండా లెక్క మొదలుపెట్టారని పిల్లల పేపర్ల మీద ఎర్ర సిరాతో రాసే మాట ఆ రాత్రి మా ఇద్దరికీ సరిపోయింది. మా హాల్లో తిరిగే పాత సీలింగు ఫ్యానుకు పట్టేపాటి కరెంటుతో, ఒక్క వైరు కూడా అడగకుండా, శనివారం రాత్రి నుంచి ఆ 2014 నాటి డబ్బాలో నువ్వు కిమ్మనకుండా తిరుగుతూనే ఉన్నావు. నన్ను మోసం చేసి ఉండకపోతే నా డబ్బు అటకెక్కేది.

దీంతో నీ తప్పు మాసిపోయిందనుకోవద్దు. నువ్వు 3040 అనో, ఇంకో అంకె ఏదో తగిలించుకొనో నీ సొంత పేరుతో వచ్చి, "నాకు వైరు అక్కర్లేదు, పాత డబ్బాలో కూడా ఇమిడిపోతాను" అని నిజం చెప్పి ఉంటే మేము వెతుక్కుంటూ వచ్చి నిన్నే కొనేవాళ్లం. నీకున్న ఒకే ఒక మంచి గుణాన్ని అన్నగారి పేరు కింద దాచిపెట్టుకొని తిరుగుతున్న మూర్ఖుడివి నువ్వు. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు.

మార్పిడి వద్దని దుకాణంవారికి చెప్పేశాను. రేకు బిగించే ముందు మా అమ్మాయి తెల్లటి టేపు ముక్క మీద "ము. 3050" అని రాసి నీ వీపుకు అంటించింది. ము. అంటే ముప్పావు, ఇక అదే నీ ఇంటిపేరు. నిన్న రాత్రి సెట్టింగులన్నీ మధ్యస్థానికి దించి ఏదో కార్ల పందెం ఆడుతూ, "నాన్నా, ముప్పావుకు గాలాడటం లేదు, టేబుల్ ఫ్యాను ఇటు తిప్పు" అని కేక వేసింది. తిప్పాను. దిద్దవలసిన పేపర్లు ఇల్లంతా ఎగిరాయి.

ఇట్లు,
తమరి, కాదు, నీ
లెక్కల మాస్టారు,
వేదాయపాళెం, నెల్లూరు.