మూత తీసి వాసన చూస్తే షేవింగ్ సబ్బు గుణం తెలియదు

చేత్తో, చిన్న మోతాదుల్లో తయారయ్యే షేవింగ్ సబ్బుల గురించి ఒక సలహా చాలాకాలంగా ఒకరి నుంచి ఒకరికి చేరుతోంది. దాని సారాంశం ఇది: “మూత తీయగానే వాసన గుప్పుమంటే మంచి సబ్బు. నురగ ఎంత పొంగితే గడ్డం అంత నున్నగా వస్తుంది. చేతి సబ్బులో కాస్టిక్ ఉండదు కాబట్టి మంట పుట్టదు. జంతువుల కొవ్వుతో చేసిందే అసలైనది. ఎసెన్షియల్ నూనెలు వేస్తే చర్మానికి హాని లేదు. నురగ రాలేదంటే సబ్బు నాసిరకం.” ఈ ఆరింటిలో ఏదీ పూర్తిగా నిలబడదు. వందలు, ఒక్కోసారి వేలు పోసి కొనే వస్తువు కనుక ఒక్కోదాన్నీ విప్పి చూడాలి.

“నురగ రాలేదంటే సబ్బు నాసిరకం”

చివరి మాటతో మొదలుపెడదాం. మంచి సబ్బుల్ని అన్యాయంగా మూలన పడేయిస్తున్నది ఇదే. షేవింగ్ సబ్బులో ప్రధానంగా ఉండేవి స్టియరిక్ ఆమ్లపు (కొవ్వుల నుంచి వచ్చే ఒక ఆమ్లం) పొటాషియం, సోడియం లవణాలు. బోరు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం వీటితో కలిస్తే నీటిలో కరగని తెట్టు ఏర్పడుతుంది. బకెట్ అంచున పేరుకునే తెల్లటి జిడ్డు పొర అదే.

తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం, అంటే కాల్షియం కార్బొనేట్ లెక్కలో ఈ కాల్షియం, మెగ్నీషియంల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు, వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు. లీటరుకు 600 ఉన్న నీళ్ళు 15 మిల్లీలీటర్లు వాడితే సుమారు 60 మిల్లీగ్రాముల సబ్బు తెట్టుగా పోతుంది. బ్రష్ మీదికి ఎక్కే ఒకటిన్నర గ్రాముల్లో ఇది చిన్న భాగమే. అసలు నష్టం వేరే చోట ఉంది. ఆ తెట్టు రేణువులు బుడగల పల్చటి గోడల్లో ఇరుక్కుని వాటిని పగలగొడతాయి. అందుకే బోరు నీళ్ళలో నురగ లేచినట్టే లేచి రెండు నిమిషాల్లో చప్పబడిపోతుంది.

తేల్చుకోవడం సులువు. అదే సబ్బు, అదే బ్రష్, రెండు గిన్నెలు. ఒకదాంట్లో కుళాయి నీళ్ళు, ఇంకోదాంట్లో ఆర్ఓ నీళ్ళు. ఆర్ఓ గిన్నెలో నురగ నిలిచి, కుళాయి గిన్నెలో విరిగితే తప్పు సబ్బుది కాదు. నీళ్ళు కాచి చల్లార్చి తేర్చితే బైకార్బొనేట్ వల్ల వచ్చిన కాఠిన్యం మాత్రమే పోతుంది, సల్ఫేట్, క్లోరైడ్ వల్ల వచ్చింది అలాగే ఉంటుంది. నురగలో నిమ్మరసం పిండమని కొందరు చెబుతారు. అది చేయకండి. ఆమ్లం తగలగానే సబ్బు తిరిగి కొవ్వు ఆమ్లంగా విడిపోయి గిన్నెలో పలుకులు పలుకులుగా తేలుతుంది. కాఠిన్యాన్ని అదుపు చేసే సోడియం సిట్రేట్‌నో, టెట్రాసోడియం ఈడీటీఏనో తయారీదారే కలపాలి. బోరు నీళ్ళ మీదే ఆధారపడ్డవాళ్ళు కొనేముందు లేబుల్ మీద వెతకాల్సింది వీటినే.

రెండో కారణం సబ్బు చాలకపోవడం. తడిపి విదిలించిన బ్రష్‌ను సబ్బు మీద పది సెకన్లు తిప్పి ఆపేస్తే నురగ పల్చగానే వస్తుంది. 30 సెకన్లు తిప్పండి. 0.1 గ్రాము వరకు చూపే చిన్న త్రాసు మీద డబ్బాను ముందూ వెనకా తూచి, ఒకటి నుంచి ఒకటిన్నర గ్రాముల దాకా ఎక్కిందో లేదో చూసుకోండి. తిప్పేటప్పుడు డబ్బాలో మిగిలిన తడిని తుడిచాకే తూచాలి, లేకపోతే లెక్క తప్పుతుంది.

“నురగ ఎంత పొంగితే అంత మంచిది”

పొంగు అంటే గాలి. బ్లేడు కింద చర్మాన్ని కాపాడేది గాలి కాదు, నీరూ సబ్బూ కలిసిన పల్చటి పొర. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం పెద్ద పెద్ద బుడగల్ని చకచకా లేపుతుంది. అవి అంతే వేగంగా ఆరిపోతాయి, కొబ్బరినూనె వాటా ఎక్కువైతే చర్మం పొడిబారి లాగినట్టూ ఉంటుంది. స్టియరిక్ ఆమ్లం నుంచి వచ్చే నురగ నెమ్మదిగా లేస్తుంది. బుడగ కంటికి ఆనదు, గిలక్కొట్టిన మీగడలా బరువుగా ఉంటుంది. కొబ్బరినూనె అక్కర్లేదని కాదు, త్వరగా నురగ అందుకోవడానికి కొంత ఉండాలి. ముందు వరసలో ఉండాల్సింది మాత్రం స్టియరిక్.

కొలిచి చూడాలంటే ఇలా. ఒకటిన్నర గ్రాముల సబ్బుకు 5 మిల్లీలీటర్ల నీళ్ళతో మొదలుపెట్టి అర నిమిషం కలపండి. తర్వాత ప్రతిసారీ 2.5 మిల్లీలీటర్లు, అంటే అర టీస్పూను, చేర్చి మళ్ళీ అర నిమిషం కలపండి. మొదట ముద్దలా, మెరుపు లేకుండా, వేళ్ళకు అతుక్కుంటూ ఉంటుంది. చాలామంది ఇక్కడే ఆగి, ‘నురగ గట్టిగా వచ్చింది’ అని గీసేసి, తర్వాత రేజర్ పట్టేస్తోందని సబ్బును తిడతారు. ఇంకా నీళ్ళు పోస్తే నిగనిగలాడుతుంది, బ్రష్ ఎత్తితే కొన మెల్లగా వంగుతుంది. ఆపైన బుడగలు కనపడి జారిపోవడం మొదలవుతుంది. జారిపోవడానికి ఒక్క మెట్టు ముందు ఉన్నదే సరైన పాకం. అప్పటికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టాయో రాసుకోండి. ఎక్కువ నీళ్ళు తాగి కూడా విరగని సబ్బు సాధారణంగా జారుడు బాగా ఇస్తుంది. గిన్నెను ఐదు నిమిషాలు పక్కన పెట్టి నురగ నిలిచిందో లేదో మళ్ళీ చూడండి, ఫ్యాన్ కింద మాత్రం వద్దు.

ముఖం మీద పరీక్షకు ఎడమ చెంపకు ఒక సబ్బు, కుడి చెంపకు ఇంకొకటి. ఒకే రేజర్, ఒకే కొత్త బ్లేడు. ముందు గీసే చెంపను మార్చకుండా, ఏ చెంపకు ఏ సబ్బో రోజు విడిచి రోజు మార్చండి. బ్లేడు పదును కొద్దికొద్దిగా తగ్గుతుంది, చేయి కూడా ఒకవైపే తేలిగ్గా తిరుగుతుంది. ఆ తేడా ఎప్పుడూ ఒకే సబ్బు మీద పడకూడదు. ఒకసారి గీశాక నురగ మళ్ళీ రాయకుండా తడి వేలితో చెంప నిమరండి. వేలు జారితే పొర మిగిలి ఉన్నట్టు, కీచుమంటే అయిపోయినట్టు. మిగిలే ఈ జారుడు గుణానికి నా లెక్కలో నురగ అందం కంటే రెట్టింపు విలువ.

అన్నీ అయ్యాక మన సెలూన్లలో వాడే పటిక బిళ్ళ తీసుకోండి. ముఖం కడిగి తడి పటిక రుద్దితే, బ్లేడు చర్మాన్ని గీకిన చోటల్లా చురుక్కుమంటుంది. ఎక్కడ ఎంత చురుక్కుమందన్నదే ఫలితం. పటిక రుద్దిన చర్మం పట్టేస్తుంది కాబట్టి జారుడు పరీక్ష దానికి ముందే పూర్తి కావాలి.

“మూత తీయగానే గుప్పుమనాలి”

డబ్బాలో వాసన, నురగలో వాసన, కడిగాక మిగిలే వాసన మూడూ వేర్వేరు. డబ్బా పైన తేలేవి త్వరగా ఆవిరయ్యే నిమ్మ, నారింజ వంటివి. గోరువెచ్చని నీరు తగిలి నురగ పరుచుకునేసరికి అవి దాదాపు వెళ్ళిపోతాయి, పైగా సబ్బులోని క్షారం వాటిలో కొన్నింటిని మార్చేస్తుంది. వట్టివేళ్ళు, గంధం, పచౌలీ లాంటివి డబ్బాలో మందకొడిగా ఉండి, నురగలో విచ్చుకుంటాయి. మూత దగ్గర మార్కులు వేస్తే రెండో రకం ఎప్పుడూ ఓడిపోతుంది.

చూసే పద్ధతి: ముక్కు ఒకే వాసనకు నిమిషాల్లో అలవాటుపడుతుంది కాబట్టి రోజుకు రెండు సబ్బులకు మించి వద్దు. స్ప్రే, ఆఫ్టర్‌షేవ్ లేకుండా, డబ్బా నుంచి జానెడు దూరంలో ఒకసారి, ముఖం మీద నురగ పట్టించాక ఒకసారి, కడిగిన పది నిమిషాలకు ఒకసారి వాసన చూసి వెంటనే రాయండి. ‘గాఢత’నూ ‘నచ్చడం’నూ విడివిడిగా రాయాలి. రెండింటినీ కలిపేస్తే గాఢంగా ఉన్నదే బాగున్నట్టు అనిపిస్తుంది. కడిగేసే వస్తువు గనుక పది నిమిషాలకు వాసన మాయమైతే అది లోపం కాదు.

చల్లదనాన్ని కూడా పనితనంగా లెక్కేస్తున్నారు. మెంథాల్ చర్మాన్ని చల్లబరచదు, చలిని గుర్తించే నాడుల్ని తట్టి లేపుతుంది. గీసుకుపోయిన చోటి మంట ఆ చల్లదనం చాటున దాగుతుంది. కాబట్టి మెంథాల్ సబ్బును మెంథాల్ లేని సబ్బుతో పోల్చి ‘ఇదే మృదువు’ అనడం కుదరదు. వెనిలిన్ ఉన్న సబ్బు నెలలు గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది, దాన్ని పాడైందనుకోవద్దు. మక్కిన నూనె వాసన వస్తే మాత్రం పాడైనట్టే.

“ఎసెన్షియల్ నూనెలైతే హాని లేదు”

ఎసెన్షియల్ నూనెలంటే మొక్కల నుంచి తీసే సుగంధ తైలాలు. లవంగ నూనెలో యూజినాల్, దాల్చినచెక్క నూనెలో సిన్నమాల్డిహైడ్ ఉంటాయి. రెండూ కొందరికి అలర్జీ తెచ్చేవే. లావెండర్‌లోని లినలూల్, నిమ్మజాతి నూనెల్లోని లిమొనీన్ గాలి తగిలి ఆక్సీకరణ చెందితే అలర్జీ గుణం పెరుగుతుంది. చెట్టు నుంచి వచ్చిందా, ప్రయోగశాల నుంచి వచ్చిందా అని చర్మం అడగదు. కొత్త సబ్బు నురగను మూడు రోజులు, రోజుకోసారి, మోచేతి లోపలివైపు రెండు నిమిషాలు ఉంచి కడగండి. పైన గుడ్డ, ప్లాస్టర్ కట్టొద్దు. మూసిపెడితే ఏ సబ్బైనా మండిస్తుంది.

“చేతి సబ్బులో కాస్టిక్ ఉండదు”

కాస్టిక్, అంటే ఘాటైన క్షారం, లేకుండా సబ్బే లేదు. 100 గ్రాముల స్వచ్ఛమైన స్టియరిక్ ఆమ్లం సబ్బుగా మారడానికి 19.7 గ్రాముల కాస్టిక్ పొటాష్ గానీ, 14.1 గ్రాముల కాస్టిక్ సోడా గానీ కావాలి. షేవింగ్ సబ్బులో రెండూ వాడతారు, పొటాష్ వాటా ఎక్కువ. సోడా ఒక్కటే వాడితే బిళ్ళ గట్టిపడి బ్రష్‌కు అందదు. కొలత సరిగ్గా ఉంటే క్షారమంతా కొవ్వుతో కలిసిపోతుంది, మిగలదు. అయినా నిజమైన సబ్బు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 దాటితే క్షారం) 9, 10 దగ్గరే ఉంటుంది. పొటాషియం స్టియరేట్ ప్రధానంగా ఉన్న సబ్బుకు ‘పీహెచ్ 5.5’ అని రాస్తే ఆ మాట నమ్మకండి.

“జంతు కొవ్వుతో చేసిందే అసలైనది”

పశువుల కొవ్వు, అంటే టాలో, మంచి ముడిసరుకే. కానీ అందులో స్టియరిక్ సుమారు ఐదో వంతు ఉంటుంది కాబట్టి టాలో సబ్బుల్లో కూడా చాలావరకు విడిగా స్టియరిక్ ఆమ్లం కలుపుతారు. కోకమ్ వెన్నలో అది సగానికి పైనే. మన ఇప్పనూనె కొవ్వు ఆమ్లాల కూర్పు టాలోకు దగ్గరగా ఉంటుంది. ఫ్రాన్స్‌లో చేసే మార్టిన్ ద కాండ్ర్ సబ్బులో టాలో లేదు, దాని నురగకు వంక పెట్టేవాళ్ళు తక్కువ.

కొవ్వు పేరు కన్నా లేబుల్ వరస చూడండి. మన దేశపు సౌందర్య సాధనాల నియమాలు 2020 ప్రకారం 1 శాతం మించిన పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి. స్టియరిక్ ఆమ్లం లేదా పొటాషియం స్టియరేట్ మొదట్లో ఉండి, కొబ్బరినూనె దాని తర్వాత వస్తే అది షేవింగ్ కోసం కట్టిన కూర్పు. కొబ్బరినూనె, సోడియం హైడ్రాక్సైడ్ (కాస్టిక్ సోడా) ముందుండి, పొటాషియం మాటే లేకపోతే అది ఒంటి సబ్బును గుండ్రటి డబ్బాలో పోసినట్టే.