పిల్లల పుస్తకాలను పిల్లల నుంచి కాపాడండి

పిల్లల పుస్తకాలకు ఉన్న శత్రువుల్లో చెదలది మూడో స్థానం, రామబాణం పురుగుది రెండో స్థానం. మొదటి స్థానం పిల్లలదే. నేనంటే కాదనేవాళ్లు ఉంటారేమో గానీ, నెల్లూరులో పాత చందమామలు, పాత 'బాల' సంచికలు, సోవియట్ వాళ్లు తెలుగులో అచ్చువేసి పంపిన మాస్కో పుస్తకాలు పోగుచేసే పెద్దమనుషుల్లో ఎవరిని కదిపినా ఇదే లెక్క చెబుతారు. చెదలకు మందుంది. పురుగులకు కలరా ఉండలున్నాయి. పిల్లలకే ఇంతవరకు ఎవరూ ఏమీ కనిపెట్టలేదు.

1947 జూలైలో చందమామ మొదలైంది. చక్రపాణి, నాగిరెడ్డి గార్లు మద్రాసులో అచ్చువేసి ఊరూరికీ పంపారు. ఏ చేతుల్లో పడుతుందో వాళ్లు ఆలోచించినట్టు లేదు. చిత్రా గీసిన రాజకుమారికి పిల్లలు పెన్సిలుతో మీసాలు పెట్టారు. శంకర్ గీసిన విక్రమార్కుడి భుజం మీద బేతాళుడికి కళ్లద్దాలు తగిలించారు. వడ్డాది పాపయ్య ముఖచిత్రాన్ని కత్తిరించి పరీక్ష అట్టకు అంటించుకున్నారు. రసం మామిడిపండు తిన్న చేత్తోనే పేజీ తిప్పారు. వీటన్నిటినీ క్షమించవచ్చు. కానీ వాళ్లు ఆ పుస్తకాలను చదివారు. చదివిందే మళ్లీ చదివారు, పడుకుని చదివారు, అన్నం తింటూ చదివారు, ఇంకొకడి చేతిలోంచి లాక్కుని చదివారు. ఇక పిన్నులు ఊడక ఏం చేస్తాయి?

ఈ రంగంలో ధర కట్టే పద్ధతి చాలా శాస్త్రీయమైనది. ఎంత తక్కువమంది చదివితే పుస్తకానికి అంత విలువ. ఎవరూ తెరవనిది అన్నిటికంటే మేలు. మొదటి పేజీలో 'చిరంజీవికి పుట్టినరోజు ఆశీస్సులతో, మామయ్య' అని సిరాతో రాసి ఉంటే ధర పడిపోతుంది. ఆ మామయ్య అప్పట్లో ఆశీర్వదించాననే అనుకున్నాడు. నలుపు తెలుపు బొమ్మకు ఆ చిరంజీవి రంగులు వేసి ఉంటే ఇక దాన్ని కిలో లెక్కన అమ్ముకోవాల్సిందే.

పిల్లల తర్వాత తప్పు పట్టాల్సింది అమ్మమ్మలను. ఈ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సేకర్తలు కన్నీళ్లు పెట్టుకునేది ఇక్కడే. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహిక నెలనెలా వచ్చేది. కథ ఆగినచోట పిల్లలు ఇల్లు పీకి పందిరి వేసేవాళ్లు. అందుకని అమ్మమ్మ ఏడాది సంచికలు దాచి, ఆ సీరియల్ పేజీలు మాత్రం ఊడదీసి బైండుకు ఇచ్చేది. బైండింగ్ ఆయన ఆ పేజీలను సమంగా పేర్చి, దారంతో కుట్టి, మూడు పక్కలా కత్తిరించి, వీపుకు క్యాలికో గుడ్డ వేసి, మైలుతుత్తం కలిపిన మైదా జిగురుతో అట్ట అంటించేవాడు. పురుగు పట్టకూడదని ఆ తుత్తం. అంతా బాగానే ఉంది, మరి పాపయ్య గారి ముఖచిత్రాలు ఏమయ్యాయి? పొయ్యి దగ్గరికో, పచారీ కొట్టుకో వెళ్లాయి. ఆ బొమ్మ కోసం ఈరోజు ఒక రిటైర్డు ఉద్యోగి పింఛను డబ్బులు పట్టుకుని ఊళ్లు తిరుగుతున్నాడు. కథ తెగకుండా ఉంటే చాలనుకుంది అమ్మమ్మ. కథ కోసం పుస్తకం కొనే మనుషులు అప్పట్లో ఉండేవాళ్లు.

పరాయి దేశాల వాళ్లు తక్కువ తిన్నారని కాదు. బియాట్రిక్స్ పాటర్ అనే ఆవిడ 1901లో, ప్రచురణకర్తలు కాదంటే, పీటర్ అనే కుందేలు కథను సొంత డబ్బుతో 250 ప్రతులు వేయించుకుంది. చిన్నపిల్లల చేతుల్లో ఇమడాలని పుస్తకాన్ని చిన్న సైజులో వేయించింది. ఆ ప్రతులు ఇప్పుడు ఆ చేతులు అందుకోలేని చోట, అద్దాల వెనక ఉన్నాయి. ఆమె పొరపాటును తర్వాతివాళ్లు సరిదిద్దారన్నమాట. 1865లో 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' కథ అచ్చయినప్పుడు, బొమ్మలు వేసిన జాన్ టెనియల్ గారు అచ్చు బాగాలేదని పేచీ పెట్టారు. రచయిత లూయిస్ కారల్ గారు ఆ ముద్రణనే ఆపించి, పంచిన ప్రతులను వెనక్కి అడిగి, వాటిని పిల్లల ఆసుపత్రులకు ఇచ్చేశారు. మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఇప్పుడు వాటి ధర కోట్లలో మాట. జబ్బుపడ్డ పిల్లలు మంచాల మీద ఎన్ని కోట్లు చదివి చింపేశారో తలుచుకుంటే సేకర్త అనేవాడికి నిద్ర పడుతుందా?

మన దగ్గర ప్రకృతి కూడా పిల్లల పక్షమే. మైపాడు వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి పిన్నులు తుప్పుపడతాయి. కార్తీకంలో వాయుగుండం పడితే ఊళ్లో అందరూ పెన్నలో నీళ్లెంత వచ్చాయని చూస్తుంటే, మా సేకర్త బీరువా కింది అరలోకి ఎంత వచ్చాయని చూస్తాడు. ఆ బీరువా తాళంచెవి మొలతాడుకే ఉంటుంది. ఒకరింట్లో మనవడు ధైర్యం చేసి అడిగాడట, "తాతా, ఆ కథలో చివరికి రాక్షసుడు చచ్చాడా?" అని. "నాకేం తెలుసు నాయనా, అంత దూరం తెరిస్తే కుట్టు వదులవదూ!" అన్నాడట తాత. పెంపకం అంటే అది.

ఊరి గ్రంథాలయాల మీద కూడా సేకర్తలకు సదభిప్రాయం లేదు. పుస్తకం మీద ఊదారంగు ముద్ర కొడతారు, ఆపైన ఎవరడిగినా ఇస్తారు. 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికలు ఎన్నో భద్రంగా ఉన్నాయంటే, మా వాడొకడు పెదవి విరిచాడు, "ఉంటే మాత్రం ఏం లాభం సామీ, అందరూ చూస్తారు గదా!" అన్నాడు. వేటపాలెం ప్రకాశం జిల్లా కదా అన్నాను. జిల్లాది ఏ ముద్రణ, అని అడిగాడు. పాత ముద్రణలో ప్రకాశమేనట. 2022 నాటి సవరించిన ముద్రణలో వేటపాలెం పేజీని చింపి బాపట్లలో అంటించారు, కందుకూరును ఊడదీసి నెల్లూరుతో కలిపి కుట్టారు. జిల్లాను బైండింగుకు ఇస్తే ఇంతేనని అతని బాధ.

మాస్కో పుస్తకాల సంగతి వేరు. దళసరి కాగితం, నిండు రంగులు, గట్టి కుట్టు. ఉప్పల లక్ష్మణరావు, ఆర్వీయార్ వంటివాళ్లు మాస్కోలోనే కూర్చుని తెలుగు చేశారు. విశాలాంధ్ర పుస్తకాల షాపు వాళ్లు కాఫీ ఖర్చుకు అమ్మారు. అంత చవగ్గా దొరికితే ఎవరికి గౌరవం? 1991లో సోవియట్ యూనియన్ పోయింది, వెంటనే గౌరవం వచ్చింది. గోర్బచేవ్ సంస్కరణల (పెరిస్త్రోయికా) వల్ల బాగుపడింది ఎవరని ఆర్థికవేత్తలు ఇంకా కొట్టుకుంటున్నారు. నెల్లూరులో ఒక బీరువా బాగుపడిందని నేను చూపించగలను. అలాగే 1985లో పాత పుస్తకాల అంగళ్లున్న మద్రాసు మూర్ మార్కెట్ కాలిపోవడం. మా వాళ్ల చరిత్రలో క్రీస్తుపూర్వం, క్రీస్తుశకం లేవు, మార్కెట్ కాలకముందు, కాలాక, అంతే. ఆరోజు బూడిదైన పుస్తకాలకు అందరూ ఏడ్చారు. తమ దగ్గరున్న ప్రతులు ఆ రాత్రికి రాత్రి అరుదైపోయాయని గ్రహించినవాళ్లు మాత్రం కాస్త తక్కువ ఏడ్చారు.

ఈ మధ్య పాత చందమామలన్నీ స్కాన్ చేసి ఎవరు పడితే వాళ్లు ఫోన్లో చదువుకునేలా పెట్టారు. మా సేకర్తల సంఘానికి ఇది పెద్ద టెన్షన్. ఫోన్లో పాత కాగితం వాసన రాదు కాబట్టి అది చదివినట్టు కాదని తీర్మానం చేశారు. సరే, చదివినట్టు కానప్పుడు అభ్యంతరం దేనికని ఎవరూ అడగలేదు.

వీళ్ల కష్టం చూడలేక నేనే ఒక దారి చెప్పాను. మొహర్రం నెలలో మన స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగ జరుగుతుంది కదా. విద్య రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఇంటి రొట్టె, వీసా రొట్టె కూడా ఉన్నాయి. మొదటి ముద్రణ రొట్టె ఒకటి మొదలుపెట్టండి అన్నాను. అందరికీ నచ్చింది. నీళ్లలో దిగి రొట్టె పుచ్చుకోవడానికి పోటీపడి పేర్లిచ్చారు. పద్ధతి మొత్తం చెప్పమన్నారు. చెప్పాను: కోరిక తీరినవాడు మరుసటి ఏడు అదే రొట్టె తెచ్చి, అదే కోరిక ఉన్న ఇంకొకడికి ఇవ్వాలి.

పేర్లు వెనక్కి తీసుకున్నారు.