గార పళ్లు, గురక: నల్లగొండ ఒకేచోట చూడాల్సిన రెండు జబ్బులు

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు పళ్లు రంగు మారితే చాలామంది దవాఖానకు పోరు. తరాలుగా ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊళ్లవి, 'నీళ్ల వల్లే' అని సరిపెట్టుకుంటారు. గురకనూ అలాగే వదిలేస్తారు. పొద్దంతా కష్టపడ్డాడు, ఒళ్లెరగని నిద్ర అంటారు. ఈ రెండు నమ్మకాల చాటున ఒకే మనిషిలో చిగుళ్ల వ్యాధీ, నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా కలిసి ముదురుతున్నాయి.

మన దగ్గర చిక్కు మాటతోనే మొదలవుతుంది. ఫ్లోరైడ్ మచ్చనూ 'గార' అంటాం, గట్టిపడిన పాచినీ 'గార' అంటాం. ఫ్లోరైడ్ మచ్చ చిన్నప్పుడు, పన్ను చిగురు లోపల తయారయ్యే వయసులో పంటి పైన ఉండే పింగాణీ పొరలో పడేది. కుడివైపు ఎలా ఉంటే ఎడమవైపూ దాదాపు అలాగే ఉంటుంది. క్లీనింగ్‌తో పోదు. పాచి గార అలా కాదు, చిగురు అంచున పేరుకుంటుంది. కింది ముందు పళ్ల వెనక నాలుకతో తడిమి చూడండి. లాలాజలం గొట్టాలు అక్కడ తెరుచుకుంటాయి కాబట్టి పాచి ముందు అక్కడే రాయవుతుంది. గరుకుగా గట్టు కట్టినట్టు తగిలితే ఆ తప్పు నీళ్లది కాదు.

ఇక గురక. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. పది సెకన్లు, అంతకుమించి ఊపిరి ఆగితే ఒక ఆప్నియా కింద లెక్క. ఊపిరి పూర్తిగా ఆగినవీ, బాగా తగ్గినవీ కలిపి గంటకు 5 నుంచి 15 ఉంటే స్వల్పం, 30 దాటితే తీవ్రం. ఇలాంటివాళ్లు చాలామంది నోటితోనే గాలి పీలుస్తారు. నిద్రలో లాలాజలం ఎలాగూ తగ్గుతుంది, ఆ కొద్దిపాటిదీ ఆరిపోతే బ్యాక్టీరియాను అణిచిపెట్టే లైసోజైమ్ లాంటివి చిగుళ్లకు అందవు. పై ముందు పళ్ల చిగురు మాత్రమే ఎర్రగా ఉబ్బి మెరుస్తుంటే నోటి శ్వాసను అనుమానించాలి. దానికితోడు రాత్రంతా రక్తంలో ఆక్సిజన్ పడుతూ లేస్తూ ఉంటే ఒళ్లంతా వాపు గుణం పెరుగుతుంది. చిగుళ్లూ అందులో భాగమే.

అయితే ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఈ రెండూ కలిసి కనిపిస్తాయన్నది పరిశోధనల్లో తేలింది. ఒకటి రెండోదాన్ని నేరుగా పుట్టిస్తుందని రుజువు కాలేదు. వయసు, బరువు, షుగర్, పొగాకు రెండింటికీ ఉమ్మడి కారణాలు. క్లీనింగ్ చేయిస్తే గురక పోతుందని ఎవరైనా అంటే నమ్మొద్దు. షుగర్ సంగతి మాత్రం గట్టిది: షుగర్ ఉన్నవాళ్ల చిగుళ్లకు సరైన వైద్యం చేస్తే, రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ మూడు నాలుగు నెలల్లో సగటున 0.4 శాతం పాయింట్ల మేర తగ్గుతుంది.

నార్కట్‌పల్లి, సూర్యాపేట మీదుగా విజయవాడ రోడ్డులో, జడ్చర్ల మీదుగా బెంగళూరు రోడ్డులో లారీలు నడిపేవాళ్ల గురించి ప్రత్యేకంగా ఆలోచించాలి. రాత్రి నిద్ర ముక్కలైతే పగలు కునుకు తప్పదు. దాన్ని ఆపుకోవడానికి గుట్కానో తంబాకో దవడన పెడితే చిగుళ్లు చెడతాయి. పైగా నికోటిన్ చిగుళ్లలో రక్తనాళాలను బిగిస్తుంది. రక్తం కారదు, కాబట్టి బాగానే ఉన్నాయనుకుంటారు. లోపల ఎముక కరుగుతూనే ఉంటుంది.

అందుకే కంటితో చూసి వదిలేయకుండా కొలవాలి. మిల్లీమీటర్ల గీతలున్న సన్నని ప్రోబ్‌ను ప్రతి పంటి చుట్టూ ఆరుచోట్ల దించి చూస్తారు. 3 వరకు మామూలే. 4, ఆపైన లోతు ఉండి ఎముక కూడా తగ్గితే జబ్బు పట్టినట్టే. మత్తు సూది ఇచ్చి వేరు దాకా గార తీయాలి, రెండు మూడు నెలలకు మళ్లీ కొలవాలి. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్నది భయమే. అప్పటిదాకా సందుల్ని నింపిన రాయి పోయి, వాపు తీసి, అసలు ఖాళీ బయటపడుతుంది. రాత్రి పడుకోబోయే ముందు బ్రష్ తప్పనిసరి. ఇటుక పొడి, బొగ్గు మాత్రం వద్దు.

చిగుళ్లను అశ్రద్ధ చేస్తే ఆప్నియా వైద్యంలో ఒక దారి కూడా మూసుకుపోతుంది. స్వల్ప, మధ్యస్థ ఆప్నియాకు కింది దవడను ముందుకు లాగి పట్టే పరికరం ఇస్తారు. దానికి పట్టుగా గట్టి పళ్లు ఉండాలి, కదిలే పళ్ల మీద పెడితే అవి ఇంకా జరుగుతాయి. అప్పుడు ప్రధానంగా మిగిలేది మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూసే సీప్యాప్ మిషన్. దానితో నోరు ఎండుతుంటే తేమ అందించే హ్యూమిడిఫైయర్ వాడాలి, ముక్కు దిబ్బడకు వైద్యం చేయించుకోవాలి. ట్యాంకులో డిస్టిల్డ్ వాటరే పోయాలి. మన బోరు నీళ్లు పోస్తే కొద్ది రోజుల్లోనే తెల్లగా ఉప్పు కడుతుంది.

నార్కట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో దంత వైద్య కళాశాలలున్నాయి. కుర్చీలో కూర్చున్న ప్రతి పెద్దవారినీ గురక గురించి, పగటి కునుకు గురించి అడగడానికి రెండు నిమిషాలు చాలు. ముప్పై దాటినవారికి బీపీ, షుగర్ చూసే పల్లె దవాఖానల్లో ఇంకో రెండు ప్రశ్నలు చేర్చాలి: పళ్లు కదులుతున్నాయా, నిద్రలో ఊపిరి ఆగడం ఇంట్లోవాళ్లు చూశారా? రెండో ప్రశ్న రోగి భార్యనో భర్తనో అడగాలి, ఎందుకంటే నిద్రపోయే మనిషికి అది తెలియదు. మెడ లావూ ఆప్నియాను అనుమానించే గుర్తే, దాని చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందేమో చూడటానికి దర్జీ టేపు సరిపోతుంది.