లోపం మనం పెట్టుకున్న దాంట్లో లేకపోవచ్చు
సాఫ్ట్‌వేర్‌లో వాడే పాత లైబ్రరీలను, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్‌ను, వెంటనే అప్‌డేట్ చేసేయమని నేను చదివిన ఓ వ్యాసంలో తేలిగ్గా రాసేశారు. అసలు చిక్కు మనం పెట్టుకున్న లైబ్రరీతో కాదండీ, అది వెంటబెట్టుకొచ్చిన వేరే లైబ్రరీలతో. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే (ప్రోగ్రాంలో జరిగేవన్నీ లాగ్‌లో, అంటే చిట్టాలో, రాసిపెట్టే జావా లైబ్రరీ) లోపం బయటపడినప్పుడు, మా ప్రాజెక్టులో అది లేదనే ధీమాగా ఉన్నాం. డిపెండెన్సీ ట్రీ (ఏ లైబ్రరీ దేన్ని వెంట తెచ్చిందో చూపే జాబితా) తీసి చూస్తే మూడు మెట్ల కింద 2.11 వెర్షన్ నక్కి ఉంది! లాగ్‌లో పడే ఒక్క లైనుతో బయటివాడు మన సర్వర్‌లో తన కోడ్ నడిపించుకోగల లోపం అది.

లోపాన్ని సరిచేసే ప్యాచ్ వస్తే సరిపోదు, వేసుకోవాలి కూడా. వెబ్ అప్లికేషన్లకు వాడే స్ట్రట్స్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌లోని లోపానికి 2017 మార్చిలోనే ప్యాచ్ వచ్చింది. అమెరికా క్రెడిట్ రిపోర్టుల సంస్థ ఈక్విఫాక్స్ వేసుకోలేదు, దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి.

అప్‌డేట్ చేస్తే ఇంకేదో ఆగిపోతుందేమోనన్న టెన్షన్ నాకూ ఉంది, శుక్రవారం సాయంత్రమైతే మరీనూ. కానీ ఏది ఆగిపోయిందో ముందే పట్టిచ్చే టెస్టులు రాసుకోకపోవడం మన తప్పే కదా.