సైట్‌లో గడిపిన రెండేళ్లే నాకు దారి చూపాయి
సివిల్ ఇంజినీరింగ్ చదివినవాళ్లకు మంచి జీతం కావాలంటే సాఫ్ట్‌వేర్‌కి మారడమే దారి అన్న మాటను నేను ఒప్పుకోను. మొదటి రెండేళ్లు నాకు సైట్‌లో కాంక్రీటు పోయించడం, కొలతలు రాసి బిల్లులు చేయడంతోనే సరిపోయింది. జీతం తక్కువ, టెన్షన్ ఎక్కువ. కానీ ఆ కొలతల పనే నన్ను క్వాంటిటీ సర్వేయింగ్‌లోకి, అంటే పని పరిమాణాలు, ఖర్చులు లెక్కగట్టే పనిలోకి, అక్కడి నుంచి కాంట్రాక్టు క్లెయిమ్‌లలోకి, అంటే కాంట్రాక్టర్ అదనంగా గడువో డబ్బో కోరే వ్యవహారాల్లోకి తీసుకెళ్లింది. నిర్మాణ కాంట్రాక్టులకు అంతర్జాతీయంగా వాడే నమూనా షరతుల పుస్తకం ఫిడిక్ 1999 రెడ్ బుక్ ప్రకారం, క్లెయిమ్‌కి కారణమైన సంగతి తెలిసిన 28 రోజుల్లో కాంట్రాక్టర్ నోటీసు ఇవ్వకపోతే అదనపు గడువూ రాదు, అదనపు డబ్బూ రాదు. ఇలాంటి నిబంధనలు తెలిసి, సైట్ రికార్డులు చదివి లెక్క తేల్చగలిగే ఇంజినీరుకి చాలా విలువ ఉంటుంది. ప్రిమవెరా (పనుల షెడ్యూల్ వేసే సాఫ్ట్‌వేర్), బిమ్ (కట్టడాన్ని కంప్యూటర్‌లో వివరాలతో సహా మోడల్ చేసే పద్ధతి) తప్పకుండా నేర్చుకోండి. అయితే స్లాబు గట్టిపడేదాకా కింద మోసే సెంట్రింగ్ ఎప్పుడు విప్పుతారో కళ్లారా చూడనివాళ్లు వేసిన షెడ్యూల్ సైట్‌లో నిలబడదు.