సవరణ: వార్‌బర్గ్ నోబెల్, క్రెబ్స్ చక్రం

క్యాన్సర్ కణాల జీవక్రియను శోధించిన బెర్లిన్ ప్రయోగశాల సభ్యులపై రాసిన వ్యాసానికి ఇది సవరణ. ఆక్సిజన్ ఉన్నా కణితి గ్లూకోజును లాక్టిక్ ఆమ్లంగా మార్చేస్తుందని గుర్తించినందుకే ఆ ప్రయోగశాల అధిపతి ఒట్టో వార్‌బర్గ్‌కు 1931లో నోబెల్ వచ్చిందని అందులో ఉంది. కాదు, ఆ బహుమతి కణాలు ఆక్సిజన్‌ను వాడుకోవడానికి తోడ్పడే శ్వాసక్రియ ఎంజైమ్ స్వభావాన్ని, అది పనిచేసే తీరును కనుగొన్నందుకు. ఈ రెండింటినీ ముడిపెట్టడం మామూలే.

హాన్స్ క్రెబ్స్ అక్కడ సహాయకుడిగా ఉన్నది 1926 నుంచి 1930 వరకు. పలచటి కణజాల ముక్కను గాజుపాత్రలో ఉంచి, వాయు పీడనాన్ని కొలిచే మానోమీటరులో ద్రవమట్టం కదలికను బట్టి అది వాడుకున్న ఆక్సిజన్‌ను లెక్కగట్టే పద్ధతి ఆయనకు అక్కడే అబ్బింది. ఆయన పేరు మోసే చక్రం (ఆహారం నుంచి కణాలు శక్తిని రాబట్టే రసాయన చర్యల వలయం) మాత్రం 1937లో షెఫీల్డ్‌లో తేలింది. దాన్ని గురువుగారైన వార్‌బర్గ్ ఖాతాలో వేయడానికి వీల్లేదు.

శ్వాసక్రియ దెబ్బతినడమే క్యాన్సర్‌కు మూలమన్నది వార్‌బర్గ్ అభిప్రాయంగానే చదవాలి. చాలా కణితుల్లో, కణంలో శ్వాసక్రియ జరిగే భాగాలైన మైటోకాండ్రియా పనిచేస్తూనే ఉంటాయి.