అన్ని గళ్లూ నింపే టూల్‌ని నమ్మకండి

ఎక్సెల్ షీట్‌లో నాలుగొందల అరుదైన జబ్బుల పేర్లు. వాటికి ఆర్ఫా కోడ్లు (అరుదైన జబ్బుల డేటాబేస్ ఆర్ఫానెట్ ఇచ్చేవి), ఓమిమ్ నంబర్లు (జీన్లకీ జన్యు జబ్బులకీ ఉన్న జాబితాలోవి) పెట్టాలి. పేర్లు పేస్ట్ చేసి బటన్ నొక్కితే నాలుగొందలకీ నంబర్లు తెచ్చే టూల్ దొరికిందని సంబరపడేవాళ్లే ఎక్కువ. నేనైతే అక్కడే అనుమానిస్తాను. ఒక్క గడి కూడా ఖాళీగా వదల్లేదంటే, తెలియనిచోట అది ఊహించి రాసిందన్నమాటే.

ఆ ఊహ ఎలా ఉంటుందో చూడండి. హంటర్ సిండ్రోమ్ అన్నది ఆర్ఫానెట్‌లో అసలు పేరు కాదు, పర్యాయపదం. అసలు పేరు మ్యూకోపాలీశాకరిడోసిస్ టైప్ 2, కోడ్ 580. హర్లర్ సిండ్రోమ్ మాత్రం అసలు పేరుగానే ఉంటుంది, కోడ్ 93473. ఇప్పుడు మీ టూల్ అసలు పేర్లలోనే వెతికిందనుకోండి. ఇంగ్లిష్ స్పెల్లింగులో హంటర్‌కీ హర్లర్‌కీ రెండక్షరాలే తేడా, ఫజీ స్కోరు, అంటే రెండు పేర్ల పోలికకి నూటికి వేసే మార్కు, 87 దాకా వస్తుంది. 85 దాటితే ఒకే పేరు అని గీత పెట్టి ఉంటే హంటర్ పేషెంటు హర్లర్ అయిపోతాడు. మొదటిది ఐడీఎస్ జీన్‌లో లోపం, ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. రెండోది ఐడీయూఏ. ఎంజైమ్ వేరు, మందు వేరు. ఇక పేరు చివర రోమన్ అంకెల్లో టైప్ టూ అని రాసి ఉంటే మరీ ఘోరం. ఆర్ఫానెట్ పేర్లలో 1, 2, 3 అని మామూలు అంకెలుంటాయి. టైప్ 1కీ టైప్ 2కీ స్కోరు సరిసమానంగా వస్తుంది, జాబితాలో ముందున్నది గెలుస్తుంది!

అందుకే ఆర్ఫానెట్ వెబ్‌సైట్‌ని వరుసవరుసకీ అడగడం మానేసి, దాని డేటా ఫైళ్లు దొరికే ఆర్ఫాడేటా నుంచి ప్రొడక్ట్ 1 అనే ఎక్స్ఎమ్ఎల్ ఫైలు దించుకోండి. ఉచితమే. పేర్లు, పర్యాయపదాలు, ఓమిమ్ లింకులు, ఐసీడీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల కోడ్లు) లింకులు అన్నీ అందులోనే ఉంటాయి. పైథాన్‌లో ముప్పై నలభై లైన్ల పని. ముందు పేర్లు శుభ్రం చేయాలి: చిన్నక్షరాలు, అదనపు స్పేసులు, గోషే జబ్బుని గోషేస్ అని రాసినప్పుడు చివరి ఎస్, రోమన్ అంకెలు. యూనికోడ్ నార్మలైజేషన్ (ఒకే అక్షరానికున్న వేర్వేరు రూపాల్ని ఒకటిగా చేయడం) చేశాం కదా అని ధీమా వద్దు. వర్డ్ ఫైల్లోంచి వచ్చిన పొడుగు డాష్‌ని అది హైఫన్‌గా మార్చదు, విడిగా మార్చుకోవాల్సిందే. నీమన్-పిక్ అనే జబ్బు దొరకలేదని మొత్తుకునేవాళ్లలో చాలామందికి అడ్డం పడేది ఆ గీతే.

తర్వాత అసలు పేరుతో అచ్చంగా కలిసినవి తీసుకోండి, ఆపైన పర్యాయపదంతో అచ్చంగా కలిసినవి. పర్యాయపదాల్ని పైథాన్ డిక్షనరీలో (పేరు ఇస్తే కోడ్ ఇచ్చే పట్టికలో) వేసేటప్పుడు ఒక పేరుకి ఒకే కోడ్ అని పెట్టారో, రెండు జబ్బులకి ఒకే పర్యాయపదం ఉన్నచోట వెనకొచ్చింది ముందున్నదాన్ని చప్పుడు లేకుండా చెరిపేస్తుంది. ప్రతి పేరుకీ ఒక లిస్టు పెట్టండి. లిస్టులో రెండు కోడ్లుంటే ఆ వరుస మనిషి దగ్గరికే పోవాలి. ఫజీ మ్యాచింగ్‌ని మిగిలినవాటికే వాడండి, అదీ మూడు ప్రత్యామ్నాయాలు చూపించడానికే. తీర్పు దాని చేతికివ్వొద్దు.

ఓమిమ్‌లో ఇంకో గుంట ఉంది. జీన్‌కీ జబ్బుకీ రెంటికీ ఆరంకెల నంబర్లే. మార్ఫాన్ సిండ్రోమ్ 154700, దాని జీన్ ఎఫ్‌బీఎన్1 మాత్రం 134797. నంబరు ముందు నక్షత్రం గుర్తుంటే జీన్, హ్యాష్ ఉంటే కారణం తెలిసిన జబ్బు, టోపీ గుర్తుంటే ఆ ఎంట్రీ తీసేసినట్టో వేరేచోటికి మార్చినట్టో. టూల్ ఆ గుర్తు కొట్టేసి వట్టి అంకెలిచ్చిందంటే తేడా తెలిసే దారే ఉండదు.

నాకు అన్నిటికంటే ఒళ్లు మండేది ఐసీడీ-10 మీదుగా అడ్డదారి తొక్కడం. గోషే, ఫాబ్రీ, క్రాబే మూడు జబ్బులూ ఈ75.2 అనే ఒకే ఐసీడీ కోడ్ కిందికే వస్తాయి. గోషేని ఈ75.2గా మార్చి, అక్కణ్నుంచి మళ్లీ ఆర్ఫాకి వస్తే ఏ జబ్బుకి చేరతారో దేవుడికే ఎరుక. ప్రొడక్ట్ 1లో ప్రతి లింకు పక్కనా సంబంధం ఏమిటో రాసే ఉంటుంది: ఈ అంటే అచ్చంగా అదే, ఎన్‌టీబీటీ అంటే సన్నటి పేరుని పెద్ద గంప కిందికి చేర్చారని. ఆ కాలమ్ పనికిరాదని తీసేసే టూళ్లే ఎక్కువ. అది లేకపోతే మిగతా ఫలితం నా దృష్టిలో చెత్తబుట్టకే.

ఇది కోడ్ల పిచ్చి కాదు. 2021 నాటి మన జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో గోషే అని ఊరికే లేదు, టైప్ 1, టైప్ 3 అని విడదీసి ఉంది. టైప్ 1కి ఆర్ఫా 77259, టైప్ 2కి 77260, టైప్ 3కి 77261. మూడింటికీ కలిపి 355. షీట్‌లో 355 ఒక్కటే పెట్టేస్తే టైపుల వారీగా ఎవరెంతమందో ఆ షీట్ ఎప్పటికీ చెప్పలేదు.

ఎక్సెల్‌తో జాగ్రత్త. మొండో అనే ఇంకో జబ్బుల జాబితాలో కోడ్లు మొండో:0007947 లా ఉంటాయి, ముందున్న మొండో అన్న మాట విడదీసి అంకెల్ని కాలమ్ చేస్తే సున్నాలు ఎగిరిపోతాయి, 7947 మిగులుతుంది. కాబట్టి ఫైలు చదివేటప్పుడే అన్ని కాలమ్‌లనీ టెక్స్ట్‌గా తీసుకోండి. మీ షీట్‌నీ ఆర్ఫా ఫైలునీ జాయిన్ చేశాక (కలిపాక) వరుసలు లెక్కపెట్టండి. 400 పోసి 460 వచ్చాయంటే కొన్ని జబ్బులకి రెండు మూడు ఓమిమ్ నంబర్లు తగిలాయన్నమాట. అప్పుడు డూప్లికేట్లు తీసేసే బటన్ మాత్రం నొక్కకండి, ముందుదాన్ని ఉంచి మిగతావి పారేస్తుంది. మీరు పెట్టిన వరుస నంబరు, మొదట ఉన్న పేరు, కలిసిన పేరు, ఏ తేదీ ఫైలు అన్నవి నాలుగూ పక్కనే ఉండాలి.

ఏఎస్ అని రెండక్షరాలు మాత్రమే ఉన్న వరుసలు చివరికి మిగులుతాయి. ఏంజెల్‌మాన్ సిండ్రోమా, ఆల్పోర్ట్ సిండ్రోమా? రాసిన డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఆయన దొరికేదాకా గడి ఖాళీగానే ఉండనివ్వండి.